నాలుగు నిమిషాల స్టాపు

మొన్న ఆఫీసుకు వెళుతుంటే ట్రామ్‌లో ఒకాయన దూడంత కుక్కను తెచ్చి నా కాళ్ళ పక్కనే కూర్చోబెట్టాడు. నా ముఖం రంగు మారడం చూసి, నవ్వుతూ, "ఏమీ చెయ్యడు" అన్నాడు. జర్మనీలో కుక్కను పెంచే ప్రతి మనిషీ ఈ మాట అంటాడు. వరంగల్‌లో మా వీధి చివరి ఇంటావిడా ఇదే అనేది, "ఏం జెయ్యది, రా బిడ్డా" అని. ఎనిమిదేళ్ళప్పుడు ఆ మాట నమ్మి గేటు తీసిన పాపానికి బొడ్డు చుట్టూ పధ్నాలుగు ఇంజెక్షన్లు పొడిపించుకున్నాను. అప్పటినుంచీ కుక్క కనపడితే నా కాళ్ళు నా మాట వినవు. ఈ దేశానికి వచ్చి తొమ్మిదేళ్ళయింది, ఇక్కడి కుక్కలు ట్రామ్‌లో మనుషులకంటే మర్యాదగా కూర్చుంటాయి, అయినా అంతే.

"ఏమీ చెయ్యడు" అని అనని కుక్కల మనిషిని నా జీవితంలో ఒక్కరినే చూశాను. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది.

ఆవిడను మొదట చూసిందీ ఈ కార్ల్స్‌రూహె ట్రామ్‌లోనే. అరవై దాటిన మనిషి. పొట్టి. భుజాలు మాత్రం బస్తాలు మోసినవాళ్ళ భుజాలు. డ్రైవరుకు సరిగ్గా వెనక సీట్లో కూర్చుంది. పక్కన మూతికి చిక్కం కట్టిన నల్లకుక్క. నేను ఎదురు సీట్లో ఇరుక్కుపోయి కిటికీలోకి దూరిపోవాలన్నంతగా జరుగుతుంటే, ఆవిడ లేచి వచ్చి కుక్కకూ నాకూ మధ్య గోడలా నిలబడింది. నాకే సిగ్గేసి, నాకొచ్చిన జర్మన్‌లో, "ఏమీ చెయ్యడు కదా" అన్నాను.

"చేస్తాడు," అంది ఆవిడ. "కరుస్తాడు. అందుకే నేను మధ్యలో నిలబడ్డాను."

నాలుగు స్టాపులు అలాగే నిలబడింది. మధ్యలో ట్రామ్ కుదుపుతో ఆగితే నాలుక చప్పరించి, డ్రైవరు వీపు వైపు చూస్తూ, వీడు బ్రేకు ఆలస్యంగా అందుకుంటున్నాడు, ముసలివాళ్ళు పడతారు అని నాతో ఫిర్యాదు చేసింది. కుక్క గురించి నాతో నిజం చెప్పిన మొదటి మనిషి అని నాకు ఆవిడ మీద అప్పుడే గౌరవం కలిగింది. దిగాల్సిన చోటు ఇద్దరిదీ ఒకటే. కుక్కను వెటర్నరీ డాక్టరుకు చూపించాలట. నేను ఏం పని చేస్తానని అడిగింది. సరుకుల వ్యాన్లు ఏ దారిలో, ఏ టైముకు వెళ్ళాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ కంపెనీలో అని చెప్పాను. ఆవిడ ఆగిపోయి నన్ను కింది నుంచి మీదికి ఒకసారి చూసి, "అయితే మనిద్దరిదీ ఒకటే పని," అంది.

నేను నవ్వాను కాని ఆవిడ నవ్వలేదు. ఆ పనేమిటో తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఆవిడది యుక్రెయిన్ తూర్పున, యుద్ధానికి మరీ దగ్గరగా ఉన్న ఒక ఊరు. ముప్పై ఏళ్ళు అక్కడ ట్రామ్ నడిపింది. యుద్ధం వచ్చి తీగలు తెగిపడి ట్రామ్‌లు ఆగిపోయాయి. జనం చేతికందినది పట్టుకుని వెళ్ళిపోయారు. చేతికందనివాటిలో కుక్కలూ పిల్లులూ ఉన్నాయి. ఆవిడ ఒక పాత వ్యాను సంపాదించి వాటిని ఎక్కించుకురావడం మొదలుపెట్టింది. ఇలాంటి పని చేసేవాళ్ళు అక్కడ ఇంకా ఉన్నారు. కాని వాళ్ళు వలలూ కర్రలూ పట్టుకుని వీధివీధీ తిరిగి పట్టుకుంటారు. ఆవిడ ఒక్కదాన్నీ పట్టుకోలేదు. తన పాత ట్రామ్ దారినే వ్యాను నడిపేది. పాత స్టాపుల దగ్గరే ఆపేది. రెండుసార్లు హారన్ కొట్టి, వెనక తలుపు తెరిచి, తిండి గిన్నెలు పెట్టి, సరిగ్గా నాలుగు నిమిషాలు ఆగేది. ఎవరు వచ్చినా రాకపోయినా నాలుగు నిమిషాలే. పిండిమర స్టాపుకు తొమ్మిదీ పది. ఆసుపత్రి స్టాపుకు తొమ్మిదీ ఇరవై రెండు. ప్రతిరోజూ.

మొదటి వారం ఎవరూ రారట. రెండో వారం దూరం నుంచి చూస్తారట. మూడో వారానికి తొమ్మిదీ ఎనిమిదికల్లా వచ్చి స్టాపు దగ్గర నిలబడతారట. అలా తిండికి అలవాటు పడ్డాక, ఒకరోజు వాళ్ళంతట వాళ్ళే వ్యాను ఎక్కుతారు. ఎక్కేవరకు బలవంతం లేదు. ఆవిడ ఎప్పుడూ "వాళ్ళు" అనే అనేది. నేను "అవి" అంటే సరిచేసేది కాదు, తను మాత్రం మార్చుకునేది కాదు.

ఎక్కినవాటికి స్టాపు పేరే పేరు. పిండిమర, ఆసుపత్రి, బడి, ఆసుపత్రి రెండు. రెండు నెలలకోసారి ఒక వ్యానుకు సరిపడా జంతువులను గుర్తింపు చిప్పులు, టీకాలు, పాస్‌పోర్టులు అన్నీ చేయించి జర్మనీ తెచ్చేది. కైసర్స్‌లౌటర్న్ దగ్గర ఒక పల్లెలో నలుగురైదుగురు జర్మన్లు కలిసి ఒక పాత గొడ్లకొట్టాన్ని బాగుచేసి వాటిని ఉంచేవారు, అక్కడినుంచి పెంచుకునేవాళ్ళకు ఇచ్చేవారు. ఆ కాగితాల్లో కుక్క పేరు ఆసుపత్రి అని ఉంటే ఆఫీసువాళ్ళు తలలు పట్టుకునేవారు. ఆ కాగితాల పట్టిక చూసిపెట్టే పని మెల్లిగా నా నెత్తిన పడింది. ట్రామ్‌లో కలిసిన మొదటిరోజే నా ఫోన్ నంబరు తీసుకున్నది అందుకేనని తర్వాత తెలిసింది.

మా ఆయనకు ఇది మొదట్లో పెద్ద తమాషా. "కుక్కను జూస్తే రోడ్డు అవతలికి ఉరుకుతవ్. గీ కుక్కల రిజిస్టరు నీకెందుకే?" అనేవాడు. నిజమే. మూడేళ్ళలో మూడు వందల కుక్కల పుట్టుపూర్వోత్తరాలు నా లాప్‌టాప్‌లో ఉండేవి, ఒక్కదాని వీపు మీద కూడా నేను చెయ్యి వెయ్యలేదు. ఆవిడ కూడా ఒక్కసారీ వెయ్యమనలేదు. మా పదేళ్ళ అమ్మాయి మాత్రం కొట్టంలో కుక్కల మధ్య పడి దొర్లేది. మేం తెలుగులో పిలిస్తే జర్మన్‌లో "ఇంకో ఐదు నిమిషాలు" అని అరిచేది.

ఆవిడ జర్మనీ వచ్చిన ప్రతిసారీ ఒకరోజు కార్ల్స్‌రూహెలో వెటర్నరీ డాక్టరు దగ్గరికి వచ్చి, మధ్యాహ్నం మా ఇంట్లో తినేది. పులిహోర చేస్తే పల్లీలన్నీ ఏరి ముందు తినేసి, తర్వాత అన్నం తినేది. పచ్చిమిరపకాయను పళ్ళెం అంచున పెట్టి, అది ఎప్పుడు కదులుతుందో అన్నట్టు కనిపెడుతూ ఉండేది. చేతి గడియారం లోపలి వైపుకు తిప్పి పెట్టుకునేది, హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యకుండా టైము చూసుకునే డ్రైవర్ల అలవాటు. ట్రామ్ అందుకోవడానికి ఎవరైనా పరుగెత్తితే ఆవిడకు కోపం. పరుగెత్తేవాడికి తర్వాతి ట్రామ్ మీద నమ్మకం లేదన్నమాట, అది డ్రైవరును అవమానించడం, అనేది. ఇన్నేళ్ళ పరిచయంలో నన్ను "నువ్వు" అనలేదు. బడిలో నేర్చుకున్న గట్టి జర్మన్‌లో "మీరు" అనే పిలిచేది, కుక్కలను తిట్టేటప్పుడు మాత్రం తన భాషలోకి దిగేది.

ఆవిడను చూసి నేను మురిసిపోయిన సంగతి నిజమే కాని, మురిసిపోతూ ఊరుకునే రకాన్ని కాదు నేను. ఉచిత సలహా ఇవ్వకపోతే నాకు అన్నం అరగదు.

రెండో ఏడు చలికాలంలో, అక్కడ రోజూ ఒకే దారిలో ఒకే సమయానికి వెళ్ళే వాహనాలను డ్రోన్లు కనిపెట్టి మరీ కొడుతున్నాయని వినడం మొదలైంది. నాకు వెంటనే వెలిగింది. రోజూ తొమ్మిదీ పదికి పిండిమర దగ్గర నాలుగు నిమిషాలు ఆగే వ్యాను ఎవరికి కనపడదు? ఫోన్ చేసి టైములు మార్చమన్నాను. మార్చనంది. మళ్ళీ చేశాను. టైము నాది కాదు, వాళ్ళది, అంది. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనుకున్నాను. నిజానికి కుందేలును పట్టింది నేను.

మూడు నెలలు సతాయించాను. చివరికి ఒకరోజు, ఇంత మాట అనకూడదని తెలిసి కూడా అనేశాను. "మీరు పోతే రేపు తొమ్మిదీ పదికి ఎవరొస్తారు?"

సరే, మీ పట్టిక పంపండి అంది.

ఆ ఆదివారమంతా కూర్చుని చేశాను. ఏ రోజు ఏ టైమో ఎవరూ ఊహించలేనట్టు, ఒకరోజు పొద్దున ఏడింటికి, ఇంకోరోజు పదకొండున్నరకు, మరోరోజు మధ్యాహ్నం. ఆఫీసులో మా కస్టమర్లకు చేసిపెట్టినదానికంటే బాగా వచ్చింది. మా ఆయనకు చూపించి మెప్పు కూడా పొందాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. ఇక్కడ హీటరు పక్కన కూర్చుని, చేతిలో కాఫీ పెట్టుకుని, ఎక్కడో బాంబుల కింద తిరిగే మనిషికి గట్టు మీంచి ఈత నేర్పాను.

నాలుగు రోజులు ఏ గొడవా లేదు. ఐదో రోజు నా పట్టిక ప్రకారం ఆవిడ మధ్యాహ్నం ఒంటి గంటకు వెళ్ళాలి. కాని కుక్కలకు నా పట్టిక తెలియదు కదా. ఎప్పటిలాగే తొమ్మిదికల్లా పిండిమర స్టాపు దగ్గర చేరాయి. మామూలుగా అయితే నాలుగు నిమిషాల్లో తిని ఎక్కడివక్కడ నేలమాళిగల్లోకి సర్దుకునేవి. ఆరోజు వ్యాను రాకపోయేసరికి నిలబడ్డాయి. పదింపావుకు షెల్ పడింది. ఆరు కుక్కలు, ఒక పిల్లి.

ఆవిడ దగ్గర నుంచి ఒకే మెసేజ్ వచ్చింది. "వాళ్ళు ఎదురుచూశారు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నేను ఆఫీసులో మీటింగుల మీద మీటింగులకు కూర్చున్నాను, ఒక్క మాటా చెవికెక్కలేదు. ఇంటికి వచ్చి మా ఆయన ముందు ఏడ్చాను. ఆయన తమాషా మాటలన్నీ మానేసి, "నువ్వు బాంబెయ్యలే గదనే," అన్నాడు. ఆ మాటతో ఏడుపు ఆగలేదు. వెయ్యలేదు. నిలబెట్టింది మాత్రం నేనే.

ఆరు వారాల తర్వాత ఆవిడ జర్మనీ వచ్చింది. కైసర్స్‌లౌటర్న్ దాకా దారిలో క్షమాపణను జర్మన్‌లో పదిసార్లు కూర్చుకున్నాను. కొట్టంలో ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక ముసలికుక్క చెవి కడుగుతోంది. నేను తలుపు దగ్గరే నిలబడి మొదలుపెట్టాను. సగంలో ఆపేసింది.

"మీరు చెప్పింది తప్పు కాదు," అంది చెవి మీంచి చూపు తియ్యకుండా. "టైము మార్చినప్పుడు ముందు స్టాపులో నోటీసు పెట్టాలి. మనం పెట్టలేదు. ముప్పై ఏళ్ళు ట్రామ్ నడిపినదాన్ని, ఆ మాట నాకు గుర్తుండాలి."

కుక్కలకు నోటీసు ఎలా పెడతారని అడిగేలోపు ఆవిడే చెప్పింది. ఆ వారం తర్వాత పాత టైముకే తిరిగి వెళ్ళిందట. అక్కడినుంచి రోజుకు ఐదు నిమిషాలు జరుపుతూ వచ్చిందట. తొమ్మిదీ పది, తొమ్మిదీ పదిహేను, తొమ్మిదీ ఇరవై. ఐదు నిమిషాల తేడా కుక్క ఓర్చుకుంటుంది, మర్నాడు దానికదే సర్దుకుంటుంది. కొంత దూరం వెళ్ళాక మళ్ళీ వెనక్కి. పైనుంచి చూసేవాడికి నెల తిరిగేసరికి టైము గంటలకొద్దీ మారుతుంది, కింద నిలబడేవాడికి ఏమీ మారదు. నా సలహాను పారెయ్యలేదు ఆవిడ. ఉతికి, మరకలు తీసి, వాడుకుంది.

నేను అప్పుడు అక్కడే ఒక నిర్ణయానికి వచ్చాను. ఈవిడ పని ఈవిడకు తెలుసు, ఇక జన్మలో ఈవిడకు సలహా ఇవ్వను అని. అది వినయం అనుకున్నాను. ఆలోచిస్తే, అది భయం. ఇంకోసారి నా మాట మీద ఎవరో చచ్చిపోతారన్న భయం. రెండింటికీ తేడా తెలుసుకునే తెలివి నాకు అప్పుడు లేదు.

పోయిన ఏడు సెప్టెంబరులో వచ్చినప్పుడు మా ఇంటికి భోజనానికి వచ్చింది. మాది లిఫ్టు లేని పాత బిల్డింగు, మూడో అంతస్తు. అంతకుముందు నాకంటే ముందు ఎక్కేసి తలుపు దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడే మనిషి, ఆరోజు ప్రతి మలుపు దగ్గరా ఆగింది. గోడకు చెయ్యి ఆనించి, మణికట్టు తిప్పి, టైము చూస్తున్నట్టు నటించింది. పెదాలు తెల్లగా అయ్యాయి. పులిహోరలో పల్లీలు ఏరలేదు. ఎడమచెయ్యి బరువుగా ఉందా అని మా ఆయన అడిగితే, స్టీరింగు పాతది, గట్టిగా ఉంటుంది అంది.

ఆవిడ చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే మా ఆయన ఫోన్ అందుకున్నాడు. ఈ దేశంలో గుండె డాక్టరు టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, అంటే మూడు నెలల మాట. ఆఫీసులో తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు, ఇలా గంటసేపు ఫోన్ మీద ఫోన్ చేస్తే, ఎవరో రద్దు చేసుకున్న టెర్మిన్ ఒకటి దొరికింది. శుక్రవారం పదీ నలభై. ఇన్సూరెన్స్ సంగతి తర్వాత చూసుకుందాం, ముందు వెళ్ళి చూపించుకోండి అని ఆయన ఎంతో సంబరంగా చెప్పాడు.

ఆవిడ ముందు ఆయనకు థాంక్స్ చెప్పింది. తర్వాత, శుక్రవారం కుదరదంది. బుధవారం బయల్దేరితేనే శనివారం పొద్దున స్టాపుకు అందుకుంటుంది. తను ఇక్కడికి వచ్చినప్పుడల్లా అక్కడ స్టాపులకు తన బదులు వెళ్ళే ఆవిడకు శుక్రవారం వరకే అని మాట ఇచ్చింది. వచ్చేసారికి టెర్మిన్ తీసుకోండి, తప్పకుండా వెళదాం అంది.

మా ఆయన నా వైపు చూశాడు. నువ్వు చెప్పు అన్నట్టు. ఇన్నాళ్ళూ నోరు మూసుకొమ్మన్నా మూసుకోనిదాన్ని, అప్పుడు మూసుకున్నాను. చెప్పాల్సిన మాటలన్నీ నా నోటి దాకా వచ్చాయి. మీ బదులు వెళ్ళే ఆవిడ ఇంకో రెండు రోజులు వెళుతుంది, ఫోన్ చేద్దాం. వ్యాను తాళం ఇవ్వను. మీరు నాకు ముఖ్యం. ఈ మూడోది జర్మన్‌లో చాలా చిన్న వాక్యం, నాకు బాగానే వచ్చు. అనలేదు. ఆరు కుక్కలు, ఒక పిల్లి నా నాలుక మీద కూర్చున్నాయి.

పెరుగన్నం డబ్బాలో కట్టి ఇచ్చాను, దారిలో తినమని. మెట్లు దిగేటప్పుడు ఆగలేదు, దిగడమే కదా.

"నువ్వు గూడ ఒక మాట చెప్తే ఉండేదేమో," అన్నాడు మా ఆయన తలుపు వేస్తూ.

"నేను చెప్తె ఏమైందో జూసినవ్ గద," అన్నాను.

గురువారం మధ్యాహ్నం కొట్టంవాళ్ళు ఫోన్ చేశారు. డ్రెస్డెన్ దాటాక ఆటోబాన్ పక్కన పార్కింగులో, సీట్లోనే పోయింది. గుండె. పోలీసులు చెప్పినది వాళ్ళు నాకు చెప్పారు. వ్యాను గీతల మధ్య అంగుళం తేడా లేకుండా ఆపి ఉందట. ఇంజన్ ఆపి ఉందట. హ్యాండ్‌బ్రేకు వేసి ఉందట. వెనక వచ్చేవాళ్ళు చూసుకోవాలని నాలుగు వైపులా దీపాలు వెలుగుతూ ఉన్నాయట. బాంబులు పడే ఊళ్ళో మూడేళ్ళు తిరిగిన మనిషి, నేను ఎప్పుడూ ఇక్కడ క్షేమంగా ఉండండి అని బతిమాలే దేశంలో పోయింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి నేను గుండె డాక్టరు ఆఫీసుకు ఫోన్ చేసి టెర్మిన్ రద్దు చేశాను. ఎందుకు చేశానో నాకే తెలియదు, అలవాటు. ఫోన్ తీసినావిడ ఎంతో మర్యాదగా, చెప్పినందుకు కృతజ్ఞతలు, చాలామంది చెప్పరు అంది. ఫోన్ పెట్టేసి వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. మొదటిసారి నోరు తెరిచి తప్పు చేశాను. రెండోసారి నోరు మూసుకుని అంతకంటే పెద్ద తప్పు చేశాను. ఆవిడ వయసు, ఆవిడ గుండె, ఆవిడ ఇష్టం అని అందరూ చెప్పారు. వాళ్ళు చెప్పేది న్యాయమే కావచ్చు. కాని ఆవిడ నా మాట వినే మనిషి. ఒకసారి విన్నది. అది నాకు తెలుసు.

ఆవిడ పని ఆగలేదు. బదులు వెళ్ళే ఆవిడే దాన్ని అందుకుంది. నలభై ఏళ్ళ మనిషి, అదే ఊళ్ళో పోస్టాఫీసులో పనిచేసేది. పోయినావిడంత ఖచ్చితం కాదు, వ్యాను గీతల మీద అడ్డంగా ఆపుతుంది, కుక్కలను అందరి ముందూ ముద్దు పెట్టుకుంటుంది. రోజుకు ఐదు నిమిషాలు జరిపే పద్ధతి మాత్రం అలాగే ఉంచింది. ఈ ఏడు ఏప్రిల్‌లో మొదటిసారి తనే వ్యాను తోలుకుని కైసర్స్‌లౌటర్న్ వచ్చింది. చలికాలమంతా విడవని దగ్గు. మాట్లాడుతూ మధ్యలో ఆగి, కొట్టం గోడ పట్టుకుని దగ్గింది. ఒళ్ళు కాలిపోతోంది.

నేను అక్కడే నిలబడి మా ఇంటి డాక్టరుకు ఫోన్ చేశాను. గురువారం పొద్దున్నే రమ్మన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు తన బదులు వెళ్ళడానికి అక్కడ ఎవరూ లేరు, ఉన్న ఒక్కరూ ఊరు వదిలిపోయారు. శుక్రవారం దాకా సరిపడా తిండి స్టాపుల దగ్గర పెట్టి వచ్చింది. శనివారం తను వెళ్ళకపోతే వాళ్ళు అక్కడే నిలబడతారు.

"మీకు తెలుసు," అంది. "వాళ్ళు ఎదురుచూస్తారు."

నాకు తెలుసు. ఈ ప్రపంచంలో ఆ మాట నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మా ఆయన కారు పక్కన నిలబడి నా వైపు చూస్తున్నాడు. ఆమె వ్యాను తాళం ఒక మేకుకు వేలాడుతోంది. తీసి నా కోటు జేబులో వేసుకున్నాను.

"ఎదురుచూడనివ్వండి," అన్నాను.

ఆమె నన్ను తన భాషలో ఏదో అంది. మంచి మాట అయి ఉండదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గురువారం డాక్టరు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందని, ఇంకా ముదరలేదని, మందులు రాసి, వారం రోజులు మంచం దిగొద్దన్నాడు. శుక్రవారం సాయంత్రానికి జ్వరం తగ్గింది. శనివారం పొద్దున తాళం అడిగింది, ఇచ్చాను. సోమవారానికి గాని ఊరు చేరలేదు.

తర్వాత రెండుసార్లు వచ్చింది. దగ్గు పోయింది. మా ఇంట్లో భోజనం చేసింది, పచ్చిమిరపకాయ కూడా తింది. కొత్తగా తెచ్చిన కుక్కల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే పట్టికలో ఎక్కించాను. ఆ శనివారం, ఆ ఆదివారం స్టాపుల దగ్గర ఎవరెవరు నిలబడ్డారో, ఎంతసేపు నిలబడ్డారో, ఏమయ్యారో ఆమె చెప్పలేదు. నేను అడగలేదు. అడిగే ధైర్యం నాకు లేదు. ఎదురుచూడనివ్వండి అన్న మాట వెనక్కి తీసుకునే ఉద్దేశమూ లేదు.